ఎగువ గేజీ ఏదమ్మా?

2021 డిసెంబరు 20న ఒక హార్డ్‌వేర్ షాపు జీఎస్టీ రిటర్ను నా చేతిలో ఆగిపోయింది. లెక్కంతా అయింది, చలానా కట్టేశారు, ఆ నెల పన్ను లెక్క చూపే త్రీబీ ఫారం నింపి పెట్టాను. ఓటీపీ ఒక్కటే తక్కువ. అది వెళ్లేది ఓనరుగారి ఫోనుకి. ఆయన ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లారు, ఫోను స్విచాఫ్. నా వంతు పని అయిపోయింది కదా అని పుస్తకంలో ఆ షాపు పేరు పక్కన టిక్కు పెట్టేశాను. మళ్లీ ఆ పేజీ తిప్పింది 29న. రోజుకి 50 చొప్పున తొమ్మిది రోజులకి 450 రూపాయలు లేటు ఫీజు.

ఆ డబ్బు నేనే కట్టాను. అది పెద్ద మొత్తం కాదు. కానీ ఆయన ఫోనులో ఒక్క క్షణం ఆగి, "పర్లేదు లెండి మేడంగారూ" అన్నారే, ఆ ఆగడం నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. నేను మర్చిపోయింది పనిని కాదు. ఆ పని ఎక్కడ ఆగిందో రాసుకోలేదు, అంతే.

మాది పి.గన్నవరం దగ్గర ఒక ఊరు. వైనతేయ పాయకి ఏటిగట్టు ఉంది చూడండి, దానికి లోపలివైపు మా ఇల్లు. వరండాలో ఒక బల్ల, ఒక లాప్‌టాప్, ఒక ప్రింటరు. రాజోలు, అంబాజీపేట, గన్నవరం చుట్టుపక్కల 26 షాపుల లెక్కలు రాస్తాను. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఎకరంన్నర వరి, లంకలో 90 కొబ్బరి చెట్లు, రెండు గేదెలు, అప్పటికి ఏడో తరగతి చదివే అమ్మాయి, మోకాళ్ల నొప్పులతో అత్తయ్యగారు. ఇవన్నీ నా చేతి మీదే నడవాలి.

పనులు రాసుకోవడం నాకు కొత్త కాదు. పొడుగు పుస్తకం ఉంది, ఫోనులో క్యాలెండరు ఉంది, నాకు నేనే వాట్సాప్‌లో పెట్టుకునే మెసేజీలు ఉన్నాయి. పనులు రాసుకునే యాప్‌లు కూడా మూడు వాడి చూశాను. వాటిని తప్పుపట్టను. ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి బాగానే పనికొస్తాయేమో. కానీ మూడూ నన్ను ఒకటే అడిగాయి: ఈ పని ఏ తేదీకి? నా పనుల్లో తేదీ మీద నడిచేవి జీఎస్టీవి మాత్రమే. 11న అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్ వన్, 20న త్రీబీ, మూడు నెలలకోసారి వేసే చిన్న షాపులకి మన రాష్ట్రంలో 22, కాంపొజిషన్ వాళ్లకి, అంటే టర్నోవరు మీద ఒకే శాతం పన్ను కట్టే చిన్న షాపులకి, క్వార్టరు ముగిశాక 18. ఇవి గోడ మీద క్యాలెండరు ఉంటే చాలు, గుర్తుంటాయి.

వరి అలా కాదు. స్వర్ణ రకం సుమారు 150 రోజుల పంట. దాని లెక్కంతా నారు పోసిన రోజు నుంచి. నారు పోసేది కాలవ వదిలాక. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక కట్టేసిన కాలవలు జూన్‌లో ఏ రోజున మా పొలానికి నీళ్లిచ్చే బోదె దాకా వస్తాయో ఆ రోజు నుంచి మొదలు. నారు 25, 30 రోజులకి ఊడ్పులు, పిలకలప్పుడు ఒక పైపాటు ఎరువు, అంకురం దశలో ఇంకో పైపాటు. కాలవ వారం ఆలస్యమైతే వెనకాలున్నవన్నీ వారం జరుగుతాయి. యాప్‌లో ఒక్కొక్కదాని తేదీ మార్చుకుంటూ కూర్చోవాలి. కొబ్బరి ఇంకో రకం. 45 రోజులకో దింపు అనుకుంటాం. ముందురోజు వాన పడిందంటే, "సెట్టు తడిగా ఉందండి, రెండెండలు కాయనివ్వండి అమ్మగారూ" అంటాడు దింపు మనిషి. ఆయన మాట కాదనలేం, పైకి ఎక్కేది ఆయన ప్రాణం. అలాంటి రోజు యాప్ ఏం చేస్తుందంటే, పని గడువు దాటిందని ఎర్రగా చూపిస్తుంది. ఎందుకు దాటిందో దానికి అక్కర్లేదు.

నాకు దారి చూపించింది మా నాన్నగారి పుస్తకం.

మా నాన్నగారు లస్కరు. పంటకాలవ లాకుల మీద ముప్పై ఏళ్లు పైగా పనిచేసి రిటైరయ్యారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ డెల్టా అంతా ఎవరో ఒకరు షట్టరు ఎత్తితేనే, దించితేనే పండుతోంది. ఆ ఎత్తి దించేవాళ్లలో ఆయనొకరు. ఆఫీసు రిజిస్టరు ఆఫీసులోనే ఉంటుంది కాబట్టి తన కోసం ఇంటి దగ్గర నకలు రాసుకునేవారు. ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం, అంచులు చెమటకి నల్లబడ్డాయి. ఆ సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు భోగి పాత సామాన్ల కోసం అటక దులుపుతుంటే చేతికొచ్చింది. మంటలో వేద్దామన్నారు ఆయనే. నేను వేయనివ్వలేదు.

ప్రతి పేజీలో స్కేలు పెట్టి గీసిన ఆరు గడులు. తేదీ, టైము, ఎగువ గేజీ, దిగువ గేజీ, ఎత్తిన షట్టర్లు, రిమార్కులు. గేజీలంటే లాకుకి పైనా కిందా ఉన్న నీటి మట్టాలు. చివరి గడి అన్నిటికంటే వెడల్పు. ఒక రోజు అందులో ఇలా ఉంది: "3వ షట్టరు ఎత్తలేదు. గుర్రపుడెక్క అడ్డం. కూలీలకి కబురు పంపాను. రేపు 7 గంటలకి చూడాలి." మర్నాడు: "కూలీలు 9కి వచ్చారు. తీశారు. ఎత్తాను."

అటక నిచ్చెన మీద నిలబడే ఆ రెండు వరసలూ నాలుగైదుసార్లు చదివాను. కాని పని గురించి ఆయన మూడు సంగతులు రాశారు. ఏది అడ్డం పడింది, ఎవరికి చెప్పాను, మళ్లీ ఎప్పుడు చూడాలి. నా పుస్తకంలో ఈ మూడూ లేవు. అయిందా, కాలేదా అన్నదొక్కటే ఉంది. శబరిమల వెళ్లిన ఆ ఓనరుగారి షాపు పక్కన "ఓటీపీ అడ్డం. వాళ్లబ్బాయికి చెప్పాను. 22న మళ్లీ ఫోను" అని రాసి ఉంటే తొమ్మిది రోజులు పోయేవి కాదు.

పండగ వెళ్లిన మర్నాడు గూగుల్ షీట్స్‌లో కొత్త షీటు తెరిచాను. రోజూ లెక్కలు రాసేది అందులోనే కాబట్టి చేతికి అలవాటు. గడులు ఇవి పెట్టాను: పని, ఎవరిది, ఎక్కడ ఆగింది, ఎవరికి చెప్పాను, మళ్లీ ఎప్పుడు చూడాలి, ఆగి ఎన్ని రోజులు, ముగిసిందా. "ఆగి ఎన్ని రోజులు" దానంతట అదే వస్తుంది. ఆగిన తేదీని పక్కన ఒక గడిలో దాచి, ఇవాళ్టి తేదీ ఇచ్చే టుడే ఫంక్షన్‌లోంచి తీసివేయడమే. మూడు రోజులు దాటితే పసుపు, ఏడు దాటితే ఎరుపు వచ్చేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను. ఓటీపీ దగ్గర ఆగినవి మాత్రం ఆ రోజే ఎరుపు.

"ఎక్కడ ఆగింది" అన్నది చేత్తో రాసుకునే గడి కాదు, డ్రాప్‌డౌన్. బిల్లులు, ఓటీపీ, డబ్బు, మనిషి, వాన, కాలవ. ఆఖర్న ఇంకోటి చేర్చాను: నేను. మొదటి రోజు 58 పనులు ఎక్కించి ఆ గడి మీద ఫిల్టరు పెట్టి చూస్తే 19 పనులు నా దగ్గరే ఆగి ఉన్నాయి. ఊపిరాడనంత పని ఉందని అప్పటిదాకా అందరికీ చెప్పుకున్నాను. అందులో మూడో వంతే నిజంగా నేను చేయాల్సింది. మిగతా వాటికి చేయాల్సింది ఒక ఫోను, లేకపోతే ఎదురుచూడటం. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత తొందరగా పడుకున్నాను.

ఇంకో నియమం పెట్టుకున్నాను, ఇది అన్నిటికన్నా గట్టిది. "ముగిసిందా" గడిలో టిక్కు ఎప్పుడు పెట్టాలో పని ఎక్కించిన రోజే తేల్చాలి. రిటర్ను అయితే అది అందినట్టు వచ్చే ఏఆర్‌ఎన్ నంబరు తెర మీద కనబడ్డాకే. దింపు అయితే కాయ దిగినప్పుడు కాదు, కొన్నాయన డబ్బు చేతికిచ్చాక. అత్తయ్యగారి రక్త పరీక్ష అయితే రక్తం ఇచ్చినప్పుడు కాదు, కాగితం డాక్టరుగారు చూశాక. ఎవరైనా నన్ను సలహా అడిగితే ఈ ఒక్కటీ చెబుతాను. మిగతా గడులు ఎలా గీసుకున్నా నడుస్తుంది.

వరి కోసం వేరే పేజీ. పైన ఒక్క గడిలో నారు పోసిన తేదీ వేస్తే ఊడ్పులు, పైపాట్లు, కోతల తేదీలన్నీ దానికి రోజులు కలుపుకుని వాటంతటవే దిగుతాయి. కాలవ ఆలస్యమైతే మార్చాల్సింది ఆ ఒక్క గడే.

మా తమ్ముడి కొడుకు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి చూపిస్తే, "అత్తా, యాప్ చేసేస్తాను, ఇది మరీ నాటుగా ఉంది" అన్నాడు. వద్దన్నాను. వాడు చదువు అయ్యి వెళ్లిపోతే ఆ యాప్ చెడినప్పుడు నేనెవర్ని పట్టుకోను? షీటు అయితే నాకు అర్థమవుతుంది, నేనే బాగుచేసుకోగలను. అయినా వాడి ఉత్సాహం వృథా పోనివ్వలేదు. షీటుతో పాటే ఉండే యాప్స్ స్క్రిప్ట్‌లో ఇరవై లైన్ల ప్రోగ్రాం రాయించాను. "మళ్లీ ఎప్పుడు చూడాలి" అన్నచోట ఇవాళ గానీ అంతకుముందు తేదీ గానీ ఉన్న వరసల్ని ఏరి, తెల్లారి ఐదుకీ ఆరుకీ మధ్య నాకు మెయిలు పంపుతుంది. ప్రతి లైను ఏం చేస్తుందో వాడి చేతే తెలుగులో పక్కన రాయించుకున్నాను. మొదట్లో ముప్పై వరసలు వచ్చేవి, చదవబుద్ధి అయ్యేది కాదు. ఇప్పుడు ఏడుకి మించి రానివ్వను, ఎక్కువ రోజులుగా ఆగినవి ముందు. గేదెల దగ్గర పని అయ్యి టీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చునేటప్పటికి ఆ ఏడూ ఫోనులో ఉంటాయి.

షీటు మా ఆయనకీ తెరిచి పెట్టాను. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. డ్యూటీ అయ్యాక చూస్తారు. ఒకరోజు "దింపు, మనిషి, 9 రోజులు" అని ఎర్రగా ఉన్న వరస చూసి అక్కణ్నుంచే ఆ మనిషికి ఫోను చేసి రప్పించారు. నాకు చెప్పను కూడా చెప్పలేదు. "ఎవరికి చెప్పాను" అన్న గడిలో తన పేరు రాసి ఊరుకున్నారు. పదకొండేళ్లుగా ఆయన అక్కడ, నేను ఇక్కడ. ఇంటి పనిలో ఆయన చెయ్యి పడినట్టు నాకు అనిపించింది ఆ గడి చూసినప్పుడే.

ఆర్నెల్లు తిరక్కుండా ఏరు వచ్చింది.

2022 జూలై వరద సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అదృష్టవశాత్తూ జూన్‌లోనే నాన్నగారితో కూర్చుని వరదకి ఒక పేజీ రాసుకున్నాను. ఆయన చెప్పింది ఒకటే: "వరద పనికి తేదీ ఉండదమ్మా, అడుగులుంటాయి." భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు. ధవళేశ్వరంలో 11.75 దగ్గర మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ఆ అంకెల కిందే పనులు రాశాం. భద్రాచలం 43 అనగానే లంకలో పోగేసిన కాయ గట్టు ఇవతలికి తోలించాలి. ధవళేశ్వరం 11.75 అంటే లంకలో మోటారు విప్పించాలి. 13.75 అంటే గేదెలు ఏటిగట్టు మీదకి, గడ్డి మోపులు వాటి పక్కకి, షాపుల ఫైళ్లు అటక మీదకి, అత్తయ్యగారి మందులు పదిహేను రోజులకి. మూడోదాని కింద ఒక్కటే వరస: అత్తయ్యగారినీ అమ్మాయినీ అమలాపురం మా ఆడపడుచు ఇంటికి పంపాలి, లాప్‌టాప్ వాళ్లతో.

అది జూలై. నెలనెలా వేసే త్రీబీలు ఎలాగూ ఉన్నాయి, పైగా క్వార్టరు ముగిసిన నెల. 14న టూబీ పట్టీ వస్తే గానీ కొనుగోళ్ల క్రెడిట్, అంటే కొన్న సరుకు మీద ముందే కట్టిన పన్ను, ఖాయం కాదు, 20 గడువు, మధ్యలో ఏరు. మామూలుగా అయితే ఏది ముందో తోచక ఏడుస్తూ కూర్చునేదాన్ని. ఆ వారం నేను ఆలోచించలేదు. టీవీలో అంకె మారేది, ఆ అంకె కింద రాసినవి చేసుకుంటూ పోయాను. లంకలో కోసిన కాయ ఒక్కటీ పోలేదు. మోటారు దక్కింది. రిటర్నులు అమలాపురంలో మా ఆడపడుచు వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని వేశాను. గడువు దాటినవి లేవు. ఓటీపీ కోసం ఎవరెవరి రెండో నంబరుకి చేయాలో ముందే గడిలో ఉంది.

కానీ ఆ రోజుల్లో ఊళ్లో కరెంటు పోయింది, నెట్టూ పోయింది, షీటు తెరుచుకోలేదు. నేను వరద పేజీ ప్రింటు తీసి గోడకి అంటించాను కాబట్టి నడిచింది. అప్పటి నుంచి కాగితం కూడా ఉంచుతున్నాను. వరండాలో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి ఒక తాడు, దాని మీద బట్టల క్లిప్పులు. షీటులో "నేను" అని ఉన్న పనులు పాత పెళ్లి శుభలేఖల వెనక రాసి క్లిప్పుకి తగిలిస్తాను. క్లిప్పులు ఐదే. ఆరోది తగిలించాలంటే ఒకటి ముగించాలి. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో తైచి ఓనో అనే ఇంజనీరు ఇలాంటి కార్డులతోనే పని నడిపించారనీ, దాన్ని కాన్‌బాన్ అంటారనీ మేనల్లుడు తర్వాత చెప్పాడు. అక్కడ ముందున్న మనిషికి సరుకు కావాల్సినప్పుడే కార్డు వెనక్కి వెళ్తుందట. ముందే చేసి పోగెయ్యరట. కాలవలూ అంతే కదా అనిపించింది, చివరి పొలం అడిగితేనే పైన షట్టరు ఎత్తేది.

ఏ పనికి ఎంతసేపు పడుతోందో కూడా కొన్నాళ్లు కొలిచాను. షీటులో కంట్రోల్, షిఫ్ట్, సెమికోలన్ కలిపి నొక్కితే అప్పటి టైము పడుతుంది. మొదలెట్టినప్పుడొకటి, లేచినప్పుడొకటి. నెల తిరిగాక చూస్తే ఒక షాపు రిటర్ను వేయడానికి సగటున 40 నిమిషాలు, ఆ షాపు బిల్లులు రాబట్టడానికి ఫోన్లతో కలిపి రెండు గంటలు. ఇన్నాళ్లూ ఆ రెండు గంటల్ని పని కిందే లెక్కెయ్యలేదు. వెంటనే 26 జిప్పు సంచులు కుట్టించి ఒక్కో షాపులో గల్లాపెట్టె పక్కన మేకుకి తగిలించి వచ్చాను. బిల్లు వస్తే అందులో పడెయ్యండి, శనివారం శనివారం నేనొచ్చి తీసుకుంటాను అన్నాను. సగం షాపులు వేస్తున్నాయి. అది చాలు.

రెండో నెలలో ఇంటి పనులకీ టైము వేయడం మొదలుపెట్టాను. ఒక సాయంత్రం అత్తయ్యగారి మోకాళ్లకి నూనె రాస్తూ మధ్యలో ఫోను తీసి టైము చూశాను. ఆవిడ ఏమీ అనలేదు, చీర అంచు మోకాళ్ల మీదకి లాక్కున్నారు. ఆ రోజే ఆ పేజీ తీసేశాను. కొలవకూడనివి కొన్ని ఉంటాయని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నూనె రాసే ఇరవై నిమిషాల్లోనే ఆవిడ తన పెళ్లినాటి పడవ ప్రయాణం కబుర్లు చెబుతారు.

కిందటేడు ఉగాదికి నాన్నగారు మా ఇంటికొచ్చారు. షీటు లాప్‌టాప్ మీద తెరిచి, మీ పుస్తకమే ఇది అని చూపించాను. కళ్లజోడు సర్దుకుని గడి గడీ చదివారు. రిమార్కుల గడి దగ్గర కాసేపు ఆగారు. బాగుందంటారనుకున్నాను. "ఎగువ గేజీ ఏదమ్మా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"షట్టర్ల సంగతి రాశావు, అడ్డం సంగతి రాశావు. పైనుంచి ఎంత వస్తోంది, కిందకి ఎంత పోతోంది? అది తెలీకుండా షట్టరు ఎంత ఎత్తాలో ఎలా తెలుస్తుంది?"

ఆ ఆదివారం రెండు గడులు చేర్చాను. వారంలో కొత్తగా ఎక్కిన పనులు ఎన్ని, ముగిసినవి ఎన్ని. వరసల్ని లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్స్ ఫంక్షన్ చాలు. ఎగువ, దిగువ అనే పేర్లే పెట్టాను. దిగువ అంకె ఒక్కటే చూసుకుంటే బాగా చేస్తున్నట్టే ఉంటుంది. వారానికి 30 పనులు ముగిస్తే ఎవరికైనా ధైర్యంగానే ఉంటుంది. ఎగువ 36 వస్తున్నప్పుడు ఆ 30కి అర్థం మారిపోతుంది. నాలుగు వారాలు వరసగా ఎగువ ఎక్కువగా ఉందంటే నేను ఇంకా వేగంగా చేయాలని కాదు, పైనుంచి వచ్చేది తగ్గించాలని. గేట్లు ఎంత ఎత్తినా కాలవ పట్టేంతే పడుతుంది, మించితే గండి పడుతుంది. ఆ గండి నా ఇంట్లో ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు. అర్ధరాత్రి నేను లాప్‌టాప్ ముందుంటే పక్కగదిలో నిద్ర పోకుండా ఉండేది మా అమ్మాయి.

మొన్న ఆదివారం లెక్క: ఎగువ 31, దిగువ 27, మిగిలినవి 44. అందులో నా దగ్గర ఆగినవి 12, వాన దగ్గర ఒకటి. అంబాజీపేట నుంచి రెండు కొత్త షాపులవాళ్లు లెక్కలు రాయమని వచ్చారు. 22 వెళ్లాక చెబుతానన్నాను. ఆ ఇద్దరి పేర్లూ షీటులో ఎక్కించి, "ఎక్కడ ఆగింది" దగ్గర "నేను" అని పెట్టి, మళ్లీ చూడాల్సిన తేదీ 23 వేశాను.